ఎర్రబండి నేస్తాలు

చిన్నతనంలో ఫైరింజను గంట వినపడగానే ఆడుకునే ఆట వదిలేసి వీధిలోకి పరిగెత్తని పిల్లవాడు వుంటాడా? ఎర్రటి బండి, దాని నెత్తిన నిచ్చెన, ఇత్తడి గంట, ప్రక్క బల్లల మీద టోపీలు పెట్టుకు కూర్చున్న మనుషులు! ఆ బండి మలుపు తిరిగి కనుమరుగయ్యే దాకా నోరు తెరుచుకు చూడడం మనందరికీ అనుభవమే. పెద్దవాళ్ళమైన తరువాత ఆ సరదా పోతుంది. ఇప్పుడు గంటకు బదులు సైరన్ కూస్తుంది. అది వినపడితే మనకు ముందుగా కలిగే ఆలోచన, "ఇవాళ కొత్తపేట దగ్గర ట్రాఫిక్ ఆగిపోయినట్టే" అని!

అయితే లోకంలో కొందరు మహానుభావులున్నారు. వాళ్ళకు తల నెరిసినా ఈ సరదా తీరదు. అమెరికాలో ఇటువంటి వాళ్ళని "బఫ్" అంటారు. సుమారు రెండు వందల ఏళ్ళ క్రితం న్యూయార్కులో మంటలార్పడానికి స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు బఫ్ రంగు కోట్లు, అంటే పసుపు కలిసిన తోలురంగు కోట్లు తొడుక్కునేవారట. ఆ కోటు పేరే క్రమంగా ఫైరింజన్ల వెంట తిరిగే వాళ్ళందరికీ అంటుకుంది. ఇప్పుడు ఇంగ్లీషులో సినిమా పిచ్చివాణ్ణి "సినిమా బఫ్" అంటున్నామంటే ఆ మాట పుట్టింది నిప్పులోనే సుమా!

పిచ్చి అనగానే నవ్వేసి వూరుకోకండి. ఈ పిచ్చివాళ్ళు ఏం చేశారో వింటే ముక్కు మీద వేలేసుకుంటారు.

బోస్టన్ నగరంలో 1872 నవంబరులో ఘోర అగ్నిప్రమాదం జరిగి నడిబొడ్డంతా తగలబడింది. ఆ రాత్రి మొట్టమొదట అపాయసూచన వచ్చింది వీధిలోని 52వ నంబరు పెట్టె నుంచి. ఆ నంబరునే పేరుగా పెట్టుకొని తరువాతి కాలంలో అక్కడ ఒక అభిమానుల సంఘం వెలిసింది. దానికి తోడుగా మరొకటి "స్పార్క్స్" అనే పేరుతో పుట్టింది. అంటే "నిప్పురవ్వలు" అన్నమాట. ఈ సంఘాల్లో గుమాస్తాలున్నారు, దుకాణదారులున్నారు, డాక్టర్లున్నారు. పెద్ద అగ్నిప్రమాదం జరిగితే వీళ్ళు చూడడానికి పోయి వూరుకోరు. ఒక బండి నిండా కాఫీ, మంచినీళ్ళు, తినుబండారాలు, దుప్పట్లు వేసుకొని పోయి, మంటల్లోంచి బయటికి వచ్చిన ఫైర్‌మన్‌ను కూర్చోబెట్టి, చేతికి కప్పు అందించి, ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళేదాకా కనిపెట్టుకొని వుంటారు. అర్ధరాత్రి అయినా సరే, మంచు కురుస్తున్నా సరే. బోస్టన్‌లో పాత ఫైర్ స్టేషన్ ఒకటి మూతపడితే, దాన్ని పాత ఇంజన్లతో, హెల్మెట్లతో ప్రదర్శనశాలగా మార్చి నడుపుతున్నది కూడా ఆ నిప్పురవ్వల సంఘమే.

అదే నగరంలో ఆర్థర్ ఫీడ్లర్ అని ప్రఖ్యాత సంగీత విద్వాంసుడు వుండేవాడు. 1930 నుంచి 1979 దాకా, అంటే దాదాపు యాభై ఏళ్ళు, బోస్టన్ పాప్స్ వాద్యబృందాన్ని నడిపించిన మనిషి. పగలంతా వయొలిన్ల మధ్య వున్నా, ప్రాణం మాత్రం ఫైరింజన్ల మీద! ఎన్నో నగరాల అగ్నిమాపక దళాలు ఆయనకు గౌరవ హోదాలిచ్చి సత్కరించాయి. 1942 నవంబరు 28న బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే విందుశాల తగలబడి 492 మంది చనిపోయారు. ఆ రాత్రి సహాయానికి చేతులు కలిపిన వారిలో ఈ సంగీత విద్వాంసుడు కూడా వున్నాడు. న్యూయార్కు మేయరుగా 1934 నుంచి 1945 వరకు పనిచేసిన లాగార్డియా కూడా ఈ కోవలోని మనిషే. ఎక్కడ నిప్పంటుకుందని తెలిసినా పరిగెత్తుకు పోయేవాడు.

ఆ కోకోనట్ గ్రోవ్ సంగతి మరికొంచెం చెప్పాలి. అన్ని ప్రాణాలు పోవడానికి నిప్పు ఒక్కటే కారణం కాదు. ముందు ద్వారానికి గుండ్రంగా తిరిగే తలుపు వుంది. జనం రెండువైపుల నుంచీ తోసేసరికి అది బిగుసుకుపోయింది. తక్కిన తలుపుల్లో కొన్నింటికి తాళాలున్నాయి. మరికొన్ని లోపలివైపుకి తెరుచుకునేవి. లోపలివాళ్ళంతా తలుపు మీద పడ్డాక, దాన్ని లోపలికి లాగేదెవరు? ఆ తరువాతే, జనం చేరే చోట తలుపులు బయటికి తెరుచుకోవాలనే నియమాన్ని ప్రపంచమంతా గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టింది. ఇది చదివిన తరువాత మీ అబ్బాయి చదివే కోచింగ్ సెంటరుకు ఒకసారి వెళ్ళి, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసి రండి. నేను చెప్పదలచుకున్నది అక్కడే మొదలవుతుంది.

మాది చైతన్యపురి ప్రక్క సందు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ వరకు నాలుగు మెట్రో స్టేషన్లు దాటితే వచ్చే దూరమే నా లోకం. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగర్! 2018 సెప్టెంబరులో ఈ దారిన మెట్రో రైలు మొదలైంది. పైన రైలు, కింద విజయవాడ పోయే జాతీయ రహదారి. పండగ వచ్చిందంటే సామాన్లు నెత్తిన పెట్టుకున్న జనం బస్సుల కోసం ఎల్.బి. నగర్ చౌరస్తాలో కిక్కిరిసి వుంటారు. దిల్‌సుఖ్‌నగర్ వైపు చూస్తే చీరల దుకాణాలు, బంగారు దుకాణాలు, పళ్ళ బండ్లు, మిరపకాయ బజ్జీలు. వాటి పై అంతస్తుల్లో కోచింగ్ సెంటర్లు. వెనక సందుల్లో హాస్టళ్ళు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వుద్యోగ పరీక్షల కోసం వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురేసి వుంటారు. తల్లిదండ్రులు పొలం మీద అప్పు తెచ్చి పంపిన పిల్లలు. వాళ్ళు ఎక్కి దిగే మెట్లు చూశారా? ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవాలి. ఆ మెట్ల కిందే కరెంటు మీటర్ల పెట్టె. మీటర్ల ప్రక్కనే చార్జింగు పెట్టిన బ్యాటరీ స్కూటరు. ఇంకొంచెం జాగా మిగిలితే అక్కడ అట్టపెట్టెలు!

ఇది వూహించి భయపెట్టడం కాదు. మన నగరం ఈ నాలుగైదేళ్ళలో చెల్లించిన మూల్యం చూడండి. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలోని తుక్కు గోదాములో నిప్పు పుట్టి, పైన నిద్రపోతున్న 11 మంది బీహారు కూలీలు చనిపోయారు. దిగడానికి వున్నది ఒక్కటే మెట్లదారి. అదే ఏడాది సెప్టెంబరు 12న సికిందరాబాదులో, కింద బ్యాటరీ స్కూటర్ల దగ్గర పుట్టిన పొగ మెట్లగుండా పైనున్న లాడ్జిలోకి ఎగబాకి 8 మందిని బలి తీసుకుంది. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు పోయారు. ఆరుగురూ జిల్లాల నుంచి వుద్యోగానికి వచ్చిన పడుచు పిల్లలే. వాళ్ళని మంట తాకలేదు; పొగ చంపింది. ఆ నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో, ఇళ్ళ కింద నిలవ వుంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని 9 మంది చనిపోయారు. 2025 మే 18 ఆదివారం ఉదయం గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పసిపిల్లలు. వేసవి సెలవులకు చుట్టాలంతా చేరిన ఇల్లది. లోపలికి పోవడానికీ బయటికి రావడానికీ ఒకటే ఇరుకు దారి.

మా పేటకూ దీని రుచి తెలుసు. 2019 అక్టోబరులో ఎల్.బి. నగర్‌లోని ఒక పిల్లల ఆస్పత్రిలో తెల్లవారకముందే నిప్పు పుట్టి ఒక పసిబిడ్డ ప్రాణం పోయింది. ఇక కోచింగ్ సెంటర్ల మాటంటారా, అదే సంవత్సరం మే 24న గుజరాతులోని సూరత్‌లో ఒక భవనం పై అంతస్తులో చదువుకుంటున్న 22 మంది విద్యార్థులు చనిపోయారు. పిల్లలు మంటకు తాళలేక కిటికీల్లోంచి దూకడం దేశమంతా కళ్ళారా చూసింది.

ఇప్పుడు ఆ సైరన్ వేసుకుంటూ వచ్చే మనుషుల సంగతి చూద్దాం. మా వైపు ప్రమాదం జరిగితే మలక్‌పేట నుంచో, హయత్‌నగర్ నుంచో బండి రావాలి. బండిలో ఎవరుంటారు? స్టేషన్ ఫైర్ ఆఫీసరో, లీడింగ్ ఫైర్‌మనో ఒకరు, డ్రైవర్ ఆపరేటరు, నలుగురైదుగురు ఫైర్‌మన్లు. పెద్ద నీళ్ళబండిలో పట్టేది సుమారు 4,500 లీటర్లు. వినడానికి సముద్రమంత అనిపిస్తుంది. ఒక్క గొట్టం పూర్తి జోరుగా వదిలితే నిమిషానికి నాలుగైదు వందల లీటర్లు పోతాయి. అంటే పది నిమిషాల్లో బండి ఖాళీ! తరువాతి బండి వచ్చేలోగా నీళ్ళు ఎక్కడినుంచి తేవాలి? ఏ అపార్టుమెంటు సంపులో నీళ్ళున్నాయి? ఏ సందులో బండి తిరుగుతుంది, ఏ సందులో ఇరుక్కుంటుంది? ఆ క్షణంలో ఈ జవాబులు ఆ వీధివాడికి తెలిసినంతగా మరెవరికీ తెలియవు.

పొగలోకి పోయే ఫైర్‌మన్ వీపు మీద గాలి సిలిండరు వుంటుంది. అది మనకు మామూలుగా వూపిరి పీల్చుకునేటప్పుడు ఎక్కువసేపు వచ్చినా, బరువు మోస్తూ మెట్లెక్కేవాడికి సుమారు అరగంటలో అయిపోతుంది. మందపాటి కోటు, బూట్లు, హెల్మెట్టు, సిలిండరు, అన్నీ కలిపితే ఇరవై కిలోలకు తక్కువ వుండదు. మే నెల ఎండలో ఆ బరువుతో నాలుగో అంతస్తు ఎక్కి, ఒక మనిషిని భుజాన వేసుకొని దిగిరావాలి. దిగివచ్చినవాడి ఒంట్లో నీరంతా చెమటగా పోయి వుంటుంది. గుండె దడదడ కొట్టుకుంటూ వుంటుంది. అందుకే అభివృద్ధి చెందిన దేశాల్లో, సిలిండరు మార్చుకునే ముందు ప్రతి మనిషినీ కాసేపు నీడలో కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, నాడి చూసి, అప్పుడుగాని మళ్ళీ లోపలికి పంపరు. అక్కడ ఫైర్‌మన్ల మరణాల్లో గుండెపోటుది పెద్ద భాగం. ఇప్పుడు అర్థమైందా బోస్టన్ వారి కాఫీ బండి విలువ? అది మర్యాద కోసం ఇచ్చే కాఫీ కాదు. ప్రాణం నిలబెట్టే కాఫీ.

మరి మన దగ్గర ఆ సమయంలో జనం ఏం చేస్తున్నారు? సెల్‌ఫోను ఎత్తి పట్టుకొని చూస్తున్నారు! "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే, చుట్ట ముట్టించుకోను నిప్పడిగాడట ఇంకొకడు" అని సామెత. ఈ రోజుల్లో చుట్ట మానేసి వీడియో పట్టుకున్నాం, అంతే తేడా. నడిరోడ్డు మీద మోటారు సైకిళ్ళు ఆపి చూస్తుంటే, వెనక సైరన్ కూస్తూ బండి నిలిచిపోయి వుంటుంది. మెట్రో స్తంభాల మధ్య యూ-టర్ను దొరికేదాకా అసలే దూరం; దానికి తోడు మన తిరనాళ్ళ జాతర.

మన పూర్వులు ఇలా లేరు. కౌటిల్యుడి అర్థశాస్త్రం తిరగేస్తే నిప్పు విషయంలో ఎంత పట్టింపో కనబడుతుంది. వేసవిలో పొయ్యి ఇంటి బయట పెట్టుకోవాలన్నాడు. ప్రతి ఇంటి దగ్గరా నీళ్ళ కుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెం, తోలుతిత్తి సిద్ధంగా వుండాలన్నాడు. రాజవీధుల్లో, నాలుగు దారులు కలిసేచోట వేలకొద్దీ నీళ్ళ కుండలు వరుసగా పేర్చాలన్నాడు. అన్నిటికంటె ముఖ్యమైనది ఇది: తగలబడుతున్న ఇంటికి సాయంగా పరిగెత్తని ఇంటి యజమానికి పన్నెండు పణాలు జరిమానా, అద్దెకున్నవాడైతే ఆరు పణాలు! ఈ లెక్కన నేడు దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో నిలబడి వీడియోలు తీసేవారి మీద వసూలు చేస్తే ఖజానా నిండిపోదూ?

మొన్న మొన్నటి దాకా మన పల్లెల్లోనూ అంతే. తాటాకు ఇంటికి నిప్పంటుకుందని కేక వినబడితే, వూళ్ళో ఎవరూ "మనదేం పోయింది" అనుకునేవారు కాదు. బావి దగ్గర నుంచి ఇంటి దాకా మనుషులు వరుస కట్టి బిందెలందించేవారు. పడుచువాళ్ళు ప్రక్క ఇంటి కప్పెక్కి తడిగోనెలు పరచేవారు. మంట అందకుండా మధ్యన వున్న పాకను కొక్కేలు వేసి లాగి పడేసేవారు. ఆ పాక సొంతదారుడు కూడా లాగడానికి ఓ చెయ్యేసేవాడు! వూరు దాటి పట్నం వచ్చి, తాటాకు బదులు కాంక్రీటు కప్పు వేసుకున్న తరువాత, నిప్పు ప్రభుత్వం పని అనుకోవడం అలవాటైంది.

ఈ మాట మా అపార్టుమెంటు సమావేశంలో అంటే, ప్రక్క ఫ్లాటు పెద్దాయన అడ్డు తగిలారు.

"అది కాదయ్యా, మంటలార్పడానికి సర్కారు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టింది. మధ్యన మనం పోయి ఏం జేస్తం? కాళ్ళకడ్డం తప్ప!"

"నిజమే అంకుల్" అన్నాను. "మంటలార్పేది వాళ్ళే. కాళ్ళకడ్డం పడకుండా జనాన్ని ఆపడానికైనా ఎవరో ఒకరు వుండాలి కదా?"

ఆయన కాసేపాలోచించి, "అట్లంటే సరే. ముందుగాల మన మెట్ల కింద అట్టపెట్టెలు తీపించు" అన్నారు. ఆ అట్టపెట్టెలు ఆయనవే! మరునాడు పొద్దున్నే తీయించారు. చెప్పుకోదగ్గ సంస్కరణ అంటే ఇలాగే మొదలవుతుంది కాబోలు.

ఆయన అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే. అనుభవం లేనివాడు అత్యుత్సాహంతో మంటలోకి దూకితే, ఫైర్‌మన్ ఒకరికి బదులు ఇద్దర్ని కాపాడవలసి వస్తుంది. అందుకే సాయానికి శిక్షణ కావాలి, హద్దు కావాలి. ఆ రెండూ ఏర్పరచిన చోటు మనకు దూరాన లేదు. 2018 వరదలు చూసిన తరువాత కేరళ ప్రభుత్వం 2019లో ఒక ఏర్పాటు చేసింది. రాష్ట్రంలోని 124 ఫైర్ స్టేషన్లలో ఒక్కొక్కదానికి 50 మంది చొప్పున, మొత్తం 6,200 మంది స్థానిక వాలంటీర్లను పౌరరక్షణ దళంగా చేర్చుకొని, అగ్నిమాపక శాఖ చేతనే తర్ఫీదు ఇప్పించింది. ఆటో నడిపేవాళ్ళు, టీచర్లు, గృహిణులు, అందరూ అందులో చేరవచ్చు. ఎవరి స్టేషను పరిధిలో వాళ్ళే. కనుక దారులు తెలుసు, బావులు తెలుసు, మంచాన పడ్డ ముసలివాళ్ళు ఏ ఇంట్లో వున్నారో తెలుసు.

విదేశాల సంగతి చెప్పనే అక్కరలేదు. చిలీ దేశంలో 1851లో వల్పరైజో రేవులో మొదలైన నాటినుంచీ ఫైర్‌మన్లంతా జీతం లేని వాలంటీర్లే! అమెరికాలో 2020 లెక్క ప్రకారం పది లక్షల పైచిలుకు ఫైర్‌మన్లలో నూటికి 65 మంది వాలంటీర్లు. ఆ సంప్రదాయానికి మూలపురుషుల్లో ఒకరు బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1736లో ఫిలడెల్ఫియాలో తన స్నేహితులతో కలిసి సంఘం పెట్టి, ప్రతి సభ్యుడూ తోలు బాల్చీలు, సామాను మోసే సంచులు సిద్ధంగా వుంచుకోవాలని నియమం పెట్టాడు. మన అర్థశాస్త్రంలోని తోలుతిత్తికీ ఆయన తోలు బాల్చీకీ ఎంత దగ్గర చుట్టరికమో చూడండి.

మన దేశంలోనూ 1968 నాటి పౌరరక్షణ చట్టం వుంది. మొదట యుద్ధకాలం కోసం ఏర్పడినా, తరువాత చేసిన సవరణతో వరద, అగ్నిప్రమాదం వంటి విపత్తులకూ ఆ వాలంటీర్లను వాడుకునే వీలు కలిగింది. 2025 మే 7న దేశమంతటా సైరన్లు మోగించి జరిపిన కసరత్తు మీకు గుర్తుండే వుంటుంది. మన ప్రక్కనే వున్న కంచన్‌బాగ్‌లోనూ ఆ రోజు అది జరిగింది. ఒక్కరోజు మోగి వూరుకున్న సైరన్ కంటే, ఏడాది పొడుగునా మెలకువగా వుండే పదిమంది ఇరుగుపొరుగు వాళ్ళు ఎక్కువ మేలు చేస్తారని నా నమ్మకం.

మా పేట వాళ్ళకు మనసు లేదని మాత్రం అనను. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర సైకిళ్ళకు కట్టిన బాంబులు పేలి 18 మంది చనిపోయినప్పుడు, గాయపడ్డవాళ్ళను చేతుల మీద మోసి, ఆటోల్లో వేసుకొని ఆస్పత్రులకు చేర్చింది ఈ వీధుల వాళ్ళే. పళ్ళబండి వాడు, పుస్తకాల దుకాణం వాడు, హాస్టలు కుర్రాళ్ళు. 2020 అక్టోబరులో కుండపోత వానకు సరూర్‌నగర్ చెరువు పొంగి చుట్టుప్రక్కల కాలనీలు మునిగినప్పుడు, మేడ మీద చిక్కుకున్నవాళ్ళకు పాలు, అన్నం పొట్లాలు చేరవేసిన కుర్రాళ్ళకూ లెక్క లేదు. మనసుంది. లేనిదల్లా ముందుగా చేసుకున్న ఏర్పాటు. నిప్పంటుకున్నాక బావి తవ్వబోతే నీళ్ళు పడతాయా?

అందుకని నా వూహ చెబుతాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా, కాలనీకి పదిమంది చొప్పున ఎర్రబండి నేస్తాలు ఏర్పడాలి. వీళ్ళు గొట్టం పట్టనక్కరలేదు, పట్టకూడదు కూడా. చేయవలసిన పనులు వేరే వున్నాయి. స్టేషన్ ఆఫీసరు అనుమతితో వెళ్ళి వాళ్ళ దగ్గర రెండు పూటలు తర్ఫీదు తీసుకోవడం మొదటిది. కాలనీ పటం గీసి, బండి తిరిగే సందులు, తిరగని సందులు, నీళ్ళున్న సంపులు, బోర్లు గుర్తుపెట్టి ఆ పటాన్ని స్టేషనులో ఇవ్వడం రెండవది. ప్రమాదం జరిగిన రోజున ఇద్దరు మలుపు దగ్గర నిలబడి బండికి దారి చూపాలి. నలుగురు తాడు కట్టి జనాన్ని వెనక్కి వుంచాలి. ఇద్దరు మంచినీళ్ళు, మజ్జిగ, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు, తడి తువ్వాళ్ళు సిద్ధం చేయాలి. మిగిలినవాళ్ళు బయటపడ్డ కుటుంబాన్ని నీడకు చేర్చి, లోపల ఇంకెవరున్నారో పేర్లతో లెక్క రాసి ఆఫీసరు చేతికివ్వాలి. ఆ చివరిది చాలా విలువైనది. "లోపల ఎంతమంది?" అనే ప్రశ్నకు జవాబు తెలియకపోతే, ఖాళీ గదుల్లో వెతుకుతూ ఫైర్‌మన్ తన గాలి అంతా ఖర్చు పెట్టుకుంటాడు.

మా ఆవిడ ఇదంతా విని, "బాగానే వుంది. మజ్జిగ చేసేది మటుకు మేమే కదా?" అంది. నిజమే! అందుకని మహిళా మండళ్ళ వారికి నా మనవి. మజ్జిగతో ఆపకండి, సంఘం పెత్తనం కూడా మీరే పుచ్చుకోండి. వంటింటి నిప్పు సంగతి మీకంటె ఎవరికి తెలుసు? మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదని, స్టవ్ ఆపి మూత పెట్టేయాలని పిల్లలకు మీరే చెప్పాలి. గ్యాసు వాసన వస్తే స్విచ్చి వేయకూడదు, తీయకూడదు. ఆ గ్యాసు గాలికంటె బరువు కనుక నేల మీదే పాకుతూ వుంటుంది. కిటికీలు తలుపులు బార్లా తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి. పొగ కమ్మితే లేచి పరిగెత్తకూడదు. పొగ పైనుంటుంది, మంచిగాలి కిందుంటుంది కనుక పాకుతూ రావాలి. బయటికి దారి లేకపోతే గది తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ కుక్కి, కిటికీలోంచి కేకవేయాలి. మంచం ప్రక్కన స్కూటరు బ్యాటరీని చార్జింగు పెట్టి నిద్రపోకూడదు. దొంగల భయానికి బాల్కనీకి గ్రిల్లు బిగించి తాళం వేసినవాళ్ళు, తాళంచెవి ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలిసేటట్టు గోడకు తగిలించాలి. దొంగను ఆపిన గ్రిల్లే రేపు మనల్నీ ఆపుతుంది.

ఏప్రిల్ 14వ తేదీ దేశమంతా అగ్నిమాపక దినంగా పాటిస్తారు. దాని కథ చాలామందికి తెలియదు. 1944లో అదే రోజు బొంబాయి విక్టోరియా రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడకు నిప్పంటుకుంది. ఓడలో దూది బేళ్ళు, వాటితోపాటు దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి! ఫైర్‌మన్లు ఓడ మీదికెక్కి నీళ్ళు కొడుతూనే వున్నారు. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. దూరాన సిమ్లాలోని భూకంపమాపక యంత్రం సైతం ఆ అదురును పట్టింది. ఆ మధ్యాహ్నం 66 మంది అగ్నిమాపక సిబ్బంది అమరులయ్యారు. వాళ్ళ పేరున ఏప్రిల్ 20 దాకా వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో స్టేషన్లలో విన్యాసాలు చేసి చూపిస్తారు.

ఈసారి ఆ వారంలో మీ పిల్లల్ని మలక్‌పేటకో, హయత్‌నగర్‌కో, మీకు ఏది దగ్గరైతే ఆ స్టేషనుకు తీసుకువెళ్ళండి. వాళ్ళని ఎర్రబండి ఎక్కనివ్వమని అడగండి. ఆ హెల్మెట్టు ఒకసారి నెత్తిన పెట్టి చూడనివ్వండి. అక్కడున్న ఫైర్‌మన్ పేరేమిటో, వూరేదో, ఎన్నేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నాడో కనుక్కోండి. 101, 112 అనే రెండు నంబర్లు పిల్లల చేత బట్టీ పట్టించండి. ఫోను చేసినప్పుడు "ఇల్లు కాలిపోతోంది" అని ఏడవడం కాక, ఏ కాలనీ, ఏ మెట్రో స్తంభం దగ్గర, ఎన్నో అంతస్తు, లోపల ఎందరున్నారు అనేవి చెప్పడం నేర్పండి.

మా అపార్టుమెంటులో ప్రస్తుతానికి మేం ఆరుగురం పోగయ్యాం. తాడు కొన్నాం, కాలనీ పటం సగం గీశాం. మిగిలిన సగం కోసం వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు బయలుదేరుతున్నాం. అట్టపెట్టెల పెద్దాయన కూడా టార్చిలైటు తెస్తానన్నారు.